నిట్టూర్పుల శాఖ

"మామయ్యగారూ, మీరు ముందు ఆ కుర్చీలోంచి లేవండి."

కత్తెరమ్మ ఈ మాట అనడం పొద్దుటి నుంచి ఎన్నోసారో ఆమెకే గుర్తు లేదు. మామగారు లేవలేదు. మెడదాకా బొత్తాలు పెట్టుకున్న నల్లకోటు, ముక్కు చివర కళ్ళజోడు, ఎదురుగా ఆకుపచ్చ బట్ట పరిచిన బల్ల. సినిమాలో ఎలా కూర్చున్నారో అచ్చం అలాగే కూర్చున్నారు. షూటింగు ఎప్పుడో అయిపోయింది. ఆ సంగతి ఆయనకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

"బయట జనం నిలబడి ఉన్నారమ్మాయ్. అధికారి కుర్చీలో లేకపోతే వాళ్ళకేం సమాధానం చెబుతావు?"

"ఏ అధికారి? ఏ శాఖ? అది నేను పుట్టించిన శాఖ. నా బుర్రలోంచి వచ్చింది."

"పుట్టించావు, కాదనను. బాగానే పుట్టించావు. ఇప్పుడు దాని మానాన అది నడుస్తోంది," అన్నారాయన. ఆ గొంతులో గర్వం దాచుకుందామన్నా దాగలేదు.

కత్తెరమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగి చూసింది. వరస గేటు దగ్గర మొదలై, మందుల షాపు మలుపు తిరిగి ఎక్కడికో పోయింది. నిన్న ఇంతమంది లేరు. గొడుగులు తెచ్చుకున్నవాళ్ళున్నారు, కింద గుడ్డ పరుచుకుని కూర్చున్నవాళ్ళున్నారు. అందరి చేతుల్లోనూ కాగితాలు. నిట్టూర్చడానికి అనుమతి కావాలని దరఖాస్తులు.

ఆమె సినిమా నిండా ఉన్నది ఈ తమాషాయే. ఆ సినిమాలోని దేశంలో ఎవరైనా ఉసూరుమనాలంటే ముందుగా నిట్టూర్పుల శాఖకు వెళ్ళి అనుమతి పుచ్చుకోవాలి. లోకమంతా నవ్వుకుంటుందని రాసింది. చేతిలో పెద్దగా డబ్బేమీ లేదు కాబట్టి సొంత ఇంటి ముందుగదిలోనే అట్టగోడలు కట్టి ఆ ఆఫీసు సెట్టు వేసింది. నటులు దొరక్క, రిటైరై ఏమీ తోచక కూర్చున్న మామగారి చేత పెద్ద అధికారి వేషం కట్టించింది. కొంప మునిగింది అక్కడే.

జీవితమంతా సూపరింటెండెంటుగా గడిపిన మనిషాయన. కెమెరా ముందు, నిట్టూర్చాలంటే అనుమతి తప్పనిసరన్న ఉత్తర్వు మీద సంతకం పెట్టమంటే పెట్టారు. ఆ తర్వాత ఆ కాగితాన్ని బల్ల మీద ఊరికే వదిలెయ్యడానికి చేతులు రాలేదు. ఉత్తర్వన్నాక నకళ్ళు వెళ్ళొద్దా? ఎవరికీ చెప్పకుండా నకళ్ళు రాసి, కింద ఇంటి చిరునామా వేసి, కవర్లలో పెట్టి, ఊళ్ళో ఉన్న ఆఫీసులన్నిటికీ టపాలో వేసొచ్చారు. అవతలివాళ్ళకు ఇలాంటి శాఖ ఒకటుందని తెలియదు. తెలియదని ఒప్పుకుంటే పరువు పోతుంది. అందుకని ప్రతి ఆఫీసూ 'అందింది, అమలు చేస్తున్నాం' అని రాసి, కిందివాళ్ళకు పంపి, గోడలకు అంటించింది.

వెనకగదిలోంచి భర్త వచ్చాడు. ప్రదర్శన అనుమతుల ఆఫీసులో గుమాస్తా అతను. ఊళ్ళో ఏ సినిమా ఆడాలన్నా ఆ ఆఫీసు ముద్ర పడాలి. నోట్లో నాలుక లేని మనిషని వీధంతా మెచ్చుకుంటుంది. కత్తెరమ్మ కూడా పెళ్ళయిన కొత్తలో మెచ్చుకుంది.

"నీ సినిమా సంగతి తేలింది," అన్నాడు, ఆమె మొహం వైపు చూడకుండా. "నువ్వందులో నిట్టూర్పుల శాఖను ఎగతాళి చేశావట. తమకు అభ్యంతరం లేదని ఆ శాఖ రాసిస్తే తప్ప మావాళ్ళు ముద్ర వెయ్యరు."

కత్తెరమ్మకు నవ్వొచ్చింది. మొదట కొంచెమే వచ్చింది. తర్వాత ఆపుకోలేక గోడకు చేరగిలబడింది. అట్టగోడ కావడంతో అది వెనక్కి వంగింది.

"నవ్వకు," అన్నాడతను. "సాయంత్రం లోపల ఆ కాగితం అందకపోతే రీళ్ళు పట్టుకుపోతారు. కరిగించేస్తారు."

"కరిగించి ఏం చేసుకుంటారు?"

అతను నీళ్ళు నమిలాడు. "దువ్వెనలు. పోయినేడు ఆఫీసులో అందరికీ తలా ఒకటి పంచారు."

అతను రోజూ పొద్దున్న తల దువ్వుకునే నల్లదువ్వెన ఆమె కళ్ళ ముందు మెదిలింది. ఒక్కసారిగా నవ్వు ఆగిపోయింది.

"ఎవరి సినిమా అది?"

"అడగలేదు."

బయట వరసలో ఎవరో దగ్గారు, అంతలోనే భయపడి ఆపుకున్నారు. మామగారు కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశారు.

"ఇందులో అంత తలపట్టుకోవలసింది ఏముందిరా?" అన్నారు కొడుకుతో. "శాఖ ఇక్కడే ఉంది, నేనూ ఇక్కడే ఉన్నాను. అమ్మాయి సినిమాకి నేను రాసివ్వనా? ఒక్క సంతకం. ఇటివ్వు."

"అదే నేనూ అంటున్నాను నాన్నా."

నిజం చెప్పాలంటే కత్తెరమ్మ మనసు కూడా అటే లాగింది. ఒకరి సినిమాలు ఇంకొకరికి కత్తిరించి అతికించే పనిలో వయసంతా పోయింది ఆమెకు. కత్తెరమ్మ అన్న పేరు అక్కడ వచ్చిందే. తనదంటూ తీసింది ఇదొక్కటే. ఒక్క సంతకంతో బతుకుతుందంటే ఎవరికి ఆశ పుట్టదు? బల్ల మీది తెల్లకాగితం తీసి మామగారి చేతికి అందించబోయింది కూడా.

అంతలో తలుపు కొట్టారు.

వచ్చినావిడ ప్రదర్శన అనుమతుల ఆఫీసు తనిఖీ అధికారిణి. సన్నగా, శుభ్రంగా, ఎంతో మర్యాదగా ఉంది. చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చింది. మామగారికి నమస్కారం పెట్టింది. ఆయన లేచి ప్రతినమస్కారం చేసి మళ్ళీ కూర్చున్నారు. కోడలు పొద్దుటి నుంచి బతిమాలినా లేవని మనిషి.

"శాఖ నడుస్తోందో లేదో చూసి రమ్మన్నారు," అంది ఆవిడ. "నడుస్తోందని నేను రాస్తే మీరిచ్చే అభ్యంతరం లేదన్న పత్రం చెల్లుతుంది. సినిమాకి ఇవాళే ముద్ర పడుతుంది. మీ శాఖ కూడా శాశ్వతం అవుతుంది."

"శాశ్వతం అంటే?" అంది కత్తెరమ్మ.

"ఇప్పటిదాకా తాత్కాలికమే కదమ్మా. ఇంకో శాఖకి రాతపూర్వకంగా జవాబిచ్చిన రోజున పక్కా అవుతుంది. రేపటి నుంచి పేటపేటకీ ఒక కిటికీ తెరుస్తారు. అనుమతి లేకుండా నిట్టూర్చినవాళ్ళని పట్టుకోవడానికి మనుషుల్ని కూడా వేస్తారు. మా అక్కకొడుకు అప్పుడే అర్జీ పెట్టుకున్నాడు."

కత్తెరమ్మ చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది.

"మేడమ్, ఇది శాఖ కాదు. ఇది సినిమా సెట్టు," అంది. వేలితో పక్కనున్న గోడను గట్టిగా పొడిచింది. అట్టకు చిల్లు పడి వేలు అవతలికి పోయింది. "చూశారా? అట్ట."

ఆవిడ వంగి చిల్లును పరిశీలించింది. "మా ఆఫీసులో గోడలూ ఇలాగే ఉన్నాయి. మరమ్మతుకి రాసుకోండి."

ఇక లాభం లేదనుకుని కత్తెరమ్మ తలుపు తోసుకుని గుమ్మంలోకి వెళ్ళింది. వరసంతా లేచి నిలబడింది.

"అందరూ ఇళ్ళకి వెళ్ళిపోండి. ఇక్కడ ఏ శాఖా లేదు. మీ ఊపిరి మీది. ఎవరికి ఎంత కావాలంటే అంత నిట్టూర్చుకోండి, అడిగేవాడెవడూ లేడు."

ఒక్కరూ కదల్లేదు. బస్సు డ్రైవరు చొక్కా వేసుకున్న ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ మాట రాసిస్తారా అమ్మా?"

"ఏ మాట?"

"అనుమతి అక్కర్లేదన్న మాట. మా డిపోలో చూపించాలి. నోటిమాట వాళ్ళు చెవిన వేసుకోరు."

"అవునమ్మా, ఏదో ఒక ముద్ర వేసివ్వండి," అంది వెనకనుంచి ఇంకో గొంతు. వరసంతా అవునవునంది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ఈ మాటలన్నీ తను సినిమాలో రాసుకున్నవాటికంటే బాగున్నాయి. దానికి ఇంకా మండింది.

లోపలి నుంచి అధికారిణి గొంతు వినిపించింది. "మొదటి దరఖాస్తుని పంపించండి. ఎలా విచారిస్తారో చూసి వెళ్ళిపోతాను."

మొదట నిలబడింది ఒక నడివయసు ఆవిడ. బట్టలు కుట్టే కార్ఖానాలో పని. చీరకొంగుకు ఇంకా దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. వచ్చి బల్ల ముందు కూర్చోకుండా నిలబడింది.

"ఏ కారణం మీద?" అని అడిగారు మామగారు. సినిమాలో అడిగినట్టే అడిగారు.

"ఆయన పోయాడండి. పిల్లల ముందు ఏడవలేను. కార్ఖానాలో మిషను ముందు కూర్చున్నప్పుడు ఊపిరి కాస్త గట్టిగా వదిలితే కొంచెం తేలిగ్గా ఉండేది. ఇప్పుడక్కడ మీ శాఖ కాగితం అంటించారు. కొంచెం గట్టిగా వదిలితే సూపర్వైజరు తలెత్తి చూస్తున్నాడు."

మామగారు తలూపారు. తర్వాతి మాట ఆయనకు బాగా వచ్చు. ఆ మాటకు షూటింగులో కెమెరామన్ నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని బయటికి పరిగెత్తాడు.

"నిట్టూర్పు చిన్నదా, పెద్దదా?"

"పెద్దదేనండి," అంది ఆవిడ. కొంగుకున్న దారప్పోగు ఒకటి పీకింది. "పెద్దదానికి కుదరదంటే చిన్నచిన్నవిగా వదులుకుంటాను."

గదిలో ఎవరూ నవ్వలేదు. అధికారిణి ఏదో రాసుకుంటోంది. కత్తెరమ్మ తను రాసిన మాట. ముచ్చటపడి రాసుకున్న మాట. దానికి ఒక మనిషి ఇలా జవాబు చెబుతుందని కలలో కూడా అనుకోలేదు. సిగ్గేసింది.

కుట్టుపనావిడ చూపు గోడ మీదికి పోయింది. సెట్టు కోసం అన్నీ తీసేసినా అత్తగారి ఫొటో ఒక్కటీ తియ్యనివ్వలేదు మామగారు.

"మీ ఇంటావిడా అండీ?"

"అవును."

"ఆవిడ పోయినప్పుడు మీరు ఎవరిని అడిగారండీ?"

ఎగతాళిగా అడగలేదు. ఎక్కడ అడగాలో తెలుసుకుందామనే అడిగింది.

మామగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అత్తగారు పోయిన రోజున ఆయన కంట చుక్క నీరు రాలేదని, ఎంత గుండె దిటవు గల మనిషో అని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. దిటవూ కాదు ఏమీ కాదు. పెద్ద ఉద్యోగంలో ఉన్నవాడు నలుగురిలో ఏడవకూడదనుకున్నారు, అంతే. ఆ సంగతి కోడలికి తెలుసు. స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఆయన ఎంతసేపు కూర్చునేవారో బయట బిందె పట్టుకుని నిలబడ్డది ఆమే.

"నేను సంతకం పెట్టను," అన్నారు మామగారు.

"నాన్నా," అన్నాడు కొడుకు.

"పెట్టనురా. పొద్దుటి నుంచి మహా సరదాగా ఉంది. ఎవరూ నన్ను ఏమీ అడగని ఇంట్లో ఇంతమంది నా మాట కోసం నిలబడితే బాగానే ఉంది. ఇంక చాలు." కోడలి వైపు తిరిగారు. "అమ్మాయ్, నీ సినిమా నా చేతిలో పోతోంది. నువ్వు పెట్టమంటే పెడతాను. నువ్వే చెప్పు."

అందరూ ఆమె వైపు చూశారు. పెట్టండి అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిన మాట మాట్లాడకుండా మింగడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

"పెట్టకండి మామయ్యగారూ."

ఆయన కుర్చీలోంచి లేచారు. కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకున్నారు.

అధికారిణి మొహంలో ఏ మార్పూ లేదు. "సరే. అయితే రీళ్ళు తీసుకోవాలి. మీ ఆయన మా ఆఫీసు మనిషే కదా, ఆయన్నే వెళ్ళి బంట్రోతులనీ వ్యానునీ తీసుకురమ్మనండి. మళ్ళీ ఇంకొకరిని పిలిపించడం దేనికి."

కత్తెరమ్మ భర్త వంక చూసింది.

"మీరు వెళ్తారా?"

"వెళ్ళకపోతే ఇంకొకరు వెళ్తారు."

"ఇంకొకరి సంగతి నేనడగలేదు."

"నీకేం, నువ్వు సినిమాలు తీస్తావు. పొద్దున్నే వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చోవలసింది నేను," అన్నాడు. అతను గొంతు పెంచడం ఆమె ఎప్పుడూ వినలేదు. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా పని ఎలా ఉంటుందని అడిగావా? దాని మీద సినిమా తీశావు. నన్ను మాత్రం అడగలేదు."

ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. అతను చెప్పులు వేసుకుని, వరసను తప్పించుకుంటూ, తల దించుకుని వెళ్ళిపోయాడు.

కత్తెరమ్మ ఏడుద్దామనుకుంది. ఏడిస్తే ఈ అధికారిణి కాగితం మీద రాసుకుంటుందని గుర్తొచ్చింది. దాంతో ఏడుపు పోయి ఎక్కడలేని పంతం వచ్చింది. తీసుకెళ్తారు, సరే. కరిగిస్తారు, సరే. చూడవలసినవాళ్ళు చూసేశాక కరిగించుకుంటే కరిగించుకోనీ.

మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళింది.

"అందరూ లోపలికి రండి. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కాదు, అందరూ. పట్టినంతమంది గదిలో కూర్చోండి, మిగతావాళ్ళు వంటింట్లోకి, నడవలోకి సర్దుకోండి."

"ముద్ర వేస్తున్నారా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"సినిమా వేస్తున్నాను."

కిటికీలకు నల్లగుడ్డలు షూటింగు నాటివే ఉన్నాయి. లాగేసరికి పట్టపగలే గది చీకటైపోయింది. అధికారి బల్లను ఎత్తి పక్కన పడేశారు. అట్టగోడకు దుప్పటి కట్టింది. వెనకగదిలోంచి ప్రొజెక్టరు దొర్లించుకుంటూ వచ్చింది.

"ఇది అనుమతి లేని ప్రదర్శన," అంది అధికారిణి.

"అవునండి."

"నేరం."

"రాసుకోండి. నిలబడి రాసుకోవడం దేనికి, కూర్చుని రాసుకోండి. మామయ్యగారూ, మేడమ్‌కి ఆ కుర్చీ ఇలా జరపండి."

ఆయన కుర్చీ జరిపి, తను మాత్రం కింద, డ్రైవరు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

రీలు కదిలింది. దుప్పటి మీద ఒక ఆఫీసు కనిపించింది, దాని ముందు పెద్ద వరస. గదిలోవాళ్ళు బిగుసుకుపోయి చూశారు. మొదటి నవ్వు రావలసిన చోట ఎవరూ నవ్వలేదు. తలలు మాత్రం కుర్చీ వైపు తిరిగాయి, అధికారిణి ఏమంటుందోనని. రెండోచోటా అంతే. వీళ్ళు నవ్వు కూడా అనుమతి అడిగి నవ్వేలా చేశారనుకుంది కత్తెరమ్మ.

అంతలో దుప్పటి మీద మామగారు తుమ్ము రాబోతే ఆపుకుని, తుమ్ముల శాఖకు ఫోను చేశారు. డ్రైవరు ఫక్కుమన్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, ఆగలేదు. పక్కనున్న మామగారిని చూసి, దుప్పటి మీది మామగారిని చూసి, మళ్ళీ పడిపడి నవ్వాడు. అతన్ని చూసి ఇంకొకరు. వంటింట్లోంచి ఎవరో కనపడటం లేదని కేకేశారు. ముందువాళ్ళు తలలు వంచారు. ఇల్లంతా నవ్వులే.

"నిట్టూర్పు చిన్నదా, పెద్దదా?" అన్నారు దుప్పటి మీది అధికారి.

కుట్టుపనావిడ నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత, ఎవరినీ అడగకుండా, గుండెలోతు నుంచి ఒక్క నిట్టూర్పు విడిచింది. ఎంత పొడుగు నిట్టూర్పంటే అది అయ్యేదాకా చుట్టుపక్కలవాళ్ళు నవ్వడం మానుకున్నారు.

అధికారిణి కలం కదిలిన చప్పుడు వినిపించలేదు. రాయలేదో, చీకట్లో కాగితం కనపడలేదో చెప్పడం కష్టం.

కత్తెరమ్మకు ఆ క్షణాన ఎవరంటేనూ భయం లేదు. తను తీసింది చెడ్డ సినిమా కాదు. దువ్వెనలైనా సరే, ఈ నవ్వును మాత్రం ఎవరూ కరిగించలేరనుకుంది.

బయట వ్యాను ఆగింది. చివరి రీలు ఇంకా సగం కూడా కాలేదు.

వీధితలుపు బార్లా తెరుచుకుంది. పగటి వెలుగు ఒక్కసారిగా లోపలికి పడి దుప్పటి మీద బొమ్మ మాయమైంది. గుమ్మంలో ఆమె భర్త. అతని వెనకాల, ఖాళీ గోనెసంచులు పట్టుకుని ఇద్దరు బంట్రోతులు. అతను లోపలున్న జనాన్ని చూసి నోరు తెరిచాడు, ఏదో అనబోయాడు. బంట్రోతులిద్దరూ అతని భుజాల మీదుగా తొంగి చూస్తున్నారు.

గదిలో ఒక్కరూ లేచి పారిపోలేదు. ఎవరికీ భయమెయ్యలేదు. అందరికీ ఒళ్ళు మండింది.

"తలుపు వెయ్యండి బాబూ, బొమ్మ కనపడటం లేదు," అని అరిచాడు డ్రైవరు.

"ఎవరండీ అది? లోపలికో బయటికో తొందరగా తేల్చుకోండి," అంది వంటింట్లోంచి ఒకావిడ.

అతను భార్య కోసం వెతికాడు. ప్రొజెక్టరు వెనకాల ఆమె కనిపించింది. ఆమె రమ్మని అనలేదు, పొమ్మని అనలేదు. రీలు మీంచి చెయ్యి తియ్యకుండా అతని వంకే చూసింది.

తలుపు మూసుకుంది. దుప్పటి మీద బొమ్మ మళ్ళీ వచ్చింది, గది మళ్ళీ నవ్వింది. వెలుగు నుంచి చీకట్లోకి మళ్ళిన కళ్ళకు, అతను తలుపుకు ఇవతల నిలబడ్డాడో అవతల ఉండిపోయాడో ఎంత చూసినా ఆమెకు కనిపించలేదు.